బండి సంగతులు: టైరు కొనే ముందు రిమ్ము చూడండి

ఈసారి పాత బండ్ల టైర్లు, ట్యూబుల మీదే ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి కాబట్టి మిగతావి పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. పాత బండి అంటే ఇక్కడ స్పోకుల చక్రాలు, ట్యూబు టైర్లు ఉన్న బైకు అనుకోండి. ఒక మాట మొదట్లోనే చెప్పేస్తాను. టైరు కొనేటప్పుడు అందరం పైనున్న బటన్లు, అంటే రోడ్డుని పట్టుకునే రబ్బరు గడ్డలు చూస్తాం, కంపెనీ పేరు చూస్తాం. పాత బండి విషయంలో ఏ టైరు వేయాలో చెప్పేది రిమ్ము. ఆ టైరు ఎన్నాళ్లు మనల్ని రోడ్డు మీద నిలబెట్టకుండా నడుస్తుందో చెప్పేది మనం పెద్దగా పట్టించుకోకుండా లోపల పెట్టేసే ట్యూబు.

ప్రశ్న: నమస్తే సార్. మా నాన్నగారి బండి ఏళ్ల తరబడి మూలన పడి ఉంటే బయటికి తీసి ఇంజిన్ బాగు చేయించాను. వెనక టైరు మీద 3.00-18 అని ఉంది. అచ్చం అదే సైజు వెంటనే దొరకలేదు. 90/90-18 వేసుకోమని ఒక మెకానిక్ అంటున్నారు. 100/90-18 అయితే గ్రిప్ బాగుంటుంది, చూడటానికి కూడా నిండుగా ఉంటుందని ఇంకొకరు. ఏది వేయించాలి?

జవాబు: ముందు ఆ అంకెలు ఏం చెబుతున్నాయో చూద్దాం, అది తెలిస్తే తికమక చాలావరకు పోతుంది. 3.00-18లో మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాల్లోనే. పాత అంగుళాల సైజుల్లో టైరు ఎత్తు విడిగా రాయరు, దాదాపు వెడల్పు ఎంతో ఎత్తూ అంతే అని లెక్క. 90/90-18 అంటే వెడల్పు 90 మిల్లీమీటర్లు, ఎత్తు ఆ వెడల్పులో 90 శాతం, అంటే 81 మిల్లీమీటర్లు, రిమ్ము మాత్రం అదే 18 అంగుళాలు. ఈ చివరి అంకె దగ్గర బేరాల్లేవు. 18 రిమ్ముకి 18 టైరే.

లెక్క వేస్తే 3.00-18 టైరు మొత్తం ఎత్తు సుమారు 610 మిల్లీమీటర్లు వస్తుంది, 90/90-18కి 619, 100/90-18కి 637. మొదటి రెండింటి మధ్య తేడా ఒకటిన్నర శాతం, అది బండికి పెద్ద లెక్క కాదు. అందుకే 3.00కి దగ్గరి జత 90/90 అంటారు, 3.50కి 100/90, 4.00కి 110/90. 3.00 నుంచి 100/90కి వెళ్లేసరికి పక్కకి ఇరువైపులా పన్నెండేసి మిల్లీమీటర్లు, పైకి దాదాపు పద్నాలుగు పెరుగుతాయి. పాత బండిలో అంత ఖాళీ ఉండదు.

ఖాళీ కంటే ముందు చూడాల్సింది రిమ్ము వెడల్పు, చాలామంది అడగని ప్రశ్న ఇదే. మీ రిమ్ము మీద బురద తుడిచి చూడండి, 1.60×18 అనో 1.85×18 అనో గుద్ది ఉంటుంది. కొన్ని పాత బండ్ల రిమ్ముల మీద డబ్ల్యూఎం1, డబ్ల్యూఎం2, డబ్ల్యూఎం3 అని ఉంటుంది, అవి వరుసగా 1.60, 1.85, 2.15 అంగుళాలు. 3.00 టైరు 1.60 మీదా 1.85 మీదా చక్కగా కూర్చుంటుంది. 90/90కి అసలు తగిన రిమ్ము 2.15, 1.85 దాకా ఒప్పుకుంటుంది, 1.60 మీద వేయకూడదు. 100/90కి తగినది 2.50, కనీసం 2.15 అయినా ఉండాలి. ఇరుకు రిమ్ము మీద వెడల్పు టైరు ఎక్కిస్తే ఎక్కుతుంది, గాలి కూడా నిలుస్తుంది, షాపు ముందు చూస్తే ముచ్చటగానే ఉంటుంది. కాకపోతే రెండు అంచులూ దగ్గరికి నొక్కుకుపోయి టైరు నడినెత్తి గుడ్డు మొనలా పైకి లేస్తుంది. నేరుగా పోయేటప్పుడు రోడ్డుకి ఆనేది సన్నటి పట్టీ మాత్రమే, మలుపులో వాలిస్తే బండి ఒక్కసారిగా పడిపోతున్నట్టు అనిపిస్తుంది, మధ్య బటన్లు త్వరగా అరిగిపోతాయి. గ్రిప్ కోసం వేయించిన వెడల్పు టైరు ఉన్న గ్రిప్పునే తగ్గిస్తుందన్నమాట.

ఇక ఖాళీ సంగతి. టైరుకీ చైన్ కవర్‌కీ మధ్య, మడ్‌గార్డు లోపలి బోల్టుల దగ్గర, బ్రేకు రాడ్డు వైపు, వెనక ఫోర్కు గొంతు దగ్గర, నాలుగు చోట్లా చూడాలి. ఇందులో ఒక కిటుకు ఉంది. ఇప్పుడు మీ చైన్ సాగి ఉంటే చక్రం బాగా వెనక్కి జరిగి ఉంటుంది, అప్పుడు కొలిస్తే చోటు బోలెడు కనిపిస్తుంది. రేపు కొత్త చైన్ వేసిన రోజు చక్రం ముందుకి వస్తుంది, టైరు వెళ్లి ఫోర్కుకి రాసుకుంటుంది. కాబట్టి చక్రాన్ని ముందుకి జరిపి చూడండి, చిటికెన వేలు సులువుగా దూరాలి. వానలో బురద పట్టడానికి కూడా ఆ చోటు కావాలి.

సైజు తర్వాత 51పీ లాంటి గుర్తు ఒకటి ఉంటుంది. అంకె బరువుకి, అక్షరం వేగానికి. 51 అంటే ఆ ఒక్క టైరు 195 కిలోలు మోస్తుంది, పీ అంటే గంటకి 150 కిలోమీటర్లు. బండి పుస్తకంలో చెప్పిన దానికంటే ఈ రెండూ ఎక్కువ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. వెనక ఎవరినైనా ఎక్కించుకుని సామాను కూడా కట్టుకునేవాళ్లు ఈ అంకెని అసలు వదలొద్దు.

ఇంకొక్క అనుమానం తీర్చుకోండి. ఇప్పుడున్న 3.00-18 బండితో వచ్చిన సైజేనా, మధ్యలో ఎవరైనా మార్చారా? బండి పుస్తకంలో గానీ, చైన్ కవర్ మీదో వెనక ఫోర్కు మీదో అంటించిన స్టిక్కర్ మీద గానీ ఉంటుంది. సరిపోతే ఇలా చేయండి: 3.00-18 దొరికేదాకా కొంచెం ఓపిక పట్టి వెతకండి, అది దొరక్క రిమ్ము 1.85 అయితే 90/90-18 వేయించండి, రిమ్ము 1.60 అయితే 3.00 తప్ప వేరే ఆలోచనే వద్దు. 100/90 మీ బండికి కాదు.

ప్రశ్న: అన్నా, పాత బండి కొన్నప్పుడు దాంతో పాటు వాడని టైరు ఒకటి ఇచ్చారు. బటన్లు చెక్కుచెదరలేదు, మీద సన్నటి రబ్బరు వెంట్రుకలు కూడా అలాగే ఉన్నాయి. వేసేసుకోవచ్చా?

జవాబు: తమ్ముడూ, ఆ వెంట్రుకలు చూసి మోసపోకు. అవి టైరు రోడ్డెక్కలేదని మాత్రమే చెబుతాయి, వయసు చెప్పవు. టైరు పక్కన డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస ఒకటి ఉంటుంది, దాని చివర నాలుగు అంకెలు చూడు. 2319 అని ఉంటే 2019వ సంవత్సరంలో 23వ వారం తయారైందని అర్థం. ఒక పక్క ఆ అంకెలు కనిపించకపోతే రెండో పక్క చూడు, చాలా టైర్లకి తేదీ ఒకవైపే ఉంటుంది. చివర మూడే అంకెలు ఉంటే అది 2000కి ముందు టైరు, దాన్ని గోడకి తగిలించుకోవచ్చు గానీ చక్రానికి తగిలించొద్దు.

రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. గాలిలో ఆక్సిజన్, ఓజోన్, ఎండ, వేడి అన్నీ కలిసి దాన్ని గట్టిపరుస్తాయి. టైరు నడుస్తూ ఉంటే రబ్బరులో కలిపిన మైనం లాంటి రక్షణ పదార్థాలు పైకి వచ్చి పగుళ్లని కొంత ఆపుతాయి, మూలన పడున్న టైరుకి ఆ మేలు కూడా ఉండదు. రెండు బటన్ల మధ్య గాడిని బొటనవేళ్లతో విడదీసినట్టు వంచి చూడు, అడుగున వెంట్రుకంత సన్నగా పగుళ్లు కనిపిస్తే అంతటితో వదిలెయ్. గోరుతో బటన్ అంచు నొక్కు. బతికున్న రబ్బరు కాస్త లొంగి మళ్లీ పైకి వస్తుంది, చచ్చిన రబ్బరు ప్లాస్టిక్‌లా గోరునే వెనక్కి నెడుతుంది. అలాంటి టైరు పొడి రోడ్డు మీద మామూలుగానే నడుస్తుంది, వాన పడ్డ రోడ్డు మీద బ్రేకు నొక్కినప్పుడు దాని సంగతి తెలుస్తుంది, అప్పటికి ఆలస్యమైపోతుంది.

అయిదేళ్లు దాటిన టైరుని ఏటా ఎవరైనా తెలిసినవాళ్లకి చూపించాలి, పదేళ్లు దాటితే ఎంత బాగున్నా తీసేయాలి, పెద్ద టైరు కంపెనీలు కొన్ని చెప్పేది ఇదే. నేనైతే బైకు ముందు టైరుకి అంత గడువు కూడా ఇవ్వను. షాపులో కొత్తది కొనేటప్పుడు కూడా ఈ అంకెలు చూసే డబ్బులివ్వు. నడవని సైజుల టైర్లు గోడౌన్లో ఏళ్లకేళ్లు పడి ఉంటాయి, పాత బండ్ల సైజులు సరిగ్గా అలాంటివే.

ప్రశ్న: కొత్త టైరు వేయిస్తున్నాను. ట్యూబు రెండేళ్ల క్రితందే, రెండే రెండు ప్యాచ్‌లు ఉన్నాయి, గాలి బాగానే నిలుస్తోంది. అదే వాడితే తప్పేంటి? కొత్త ట్యూబు తప్పనిసరి అయితే ఏది చూసి కొనాలి?

జవాబు: కొత్త టైరుకి కొత్త ట్యూబే వేయించండి. ఈ మాట ఊరికే చెప్పడం లేదు, ఒకసారి ఇలాగే మిగుల్చుకుందామని చూసి నేను బాగా ఇబ్బంది పడ్డాను. పాత ట్యూబు గాలి నిలుపుతోంది కదా అని కొత్త టైరులో పెట్టాను. మూడు వారాలు ఏ ఇబ్బందీ లేదు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే గాలి సగానికి దిగిపోయి ఉండేది, ఎక్కడా మేకు లేదు, ముల్లు లేదు. చివరికి ట్యూబు బయటికి తీసి కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూస్తే, ఒకచోట ఇస్త్రీ మడతలాంటి గీత అడ్డంగా పడి ఉంది, ఆ మడత పొడవునా రబ్బరు నల్లదనం పోయి బూడిద రంగులో నున్నగా మెరుస్తోంది, దాని మధ్యలో సూది మొనంత కన్నం. రెండేళ్లు గాలితో ఉన్న ట్యూబు సాగి పెద్దదవుతుంది, మళ్లీ పాత కొలతకి రాదు. కొత్త టైరు లోపలి చోటు వాడిన టైరు కంటే బిగువుగా ఉంటుంది. సాగిన ట్యూబు అందులో ఇమడలేక మడత పడుతుంది, చక్రం తిరిగినప్పుడల్లా ఆ మడత రాసుకుంటూ ఉంటుంది.

కొనేటప్పుడు సైజు ముఖ్యం. ట్యూబు మీద 2.75/3.00-18 అన్నట్టు రెండు మూడు సైజులు రాసి ఉంటాయి, మీ టైరు సైజు అందులో స్పష్టంగా కనిపించాలి. చిన్న ట్యూబు వేస్తే టైరుని నింపడానికి బాగా సాగి పలచబడుతుంది, అలాంటి ట్యూబుకి చిన్న కన్నం పడినా బెలూన్‌లా ఒక్కసారిగా చీలిపోవచ్చు. పెద్దది వేస్తే పైన చెప్పిన మడతలు. 18కి 19 ట్యూబు సర్దేద్దాం అనేవాళ్లుంటారు, దారి మధ్యలో దిక్కులేక ఇల్లు చేరడానికైతే సరే, కొత్త టైరు వేయించే రోజు ఆ సర్దుబాటు వద్దు.

రబ్బరు రెండు రకాలు. బ్యూటైల్ ట్యూబు గాలిని ఎక్కువ రోజులు పట్టి ఉంచుతుంది, రోజూ తిరిగే బండికి అదే మేలు. సహజ రబ్బరు ట్యూబు బాగా సాగుతుంది, చిరుగు తొందరగా పాకదు, మట్టిదారుల్లో తిరిగేవాళ్లు దాన్ని ఇష్టపడతారు, కానీ గాలి తరచుగా చూసుకుంటూ ఉండాలి. మందంగా ఉండే ట్యూబులూ వస్తాయి, అవి బరువు, వేగంగా పోతే ఎక్కువ వేడెక్కుతాయి, రోడ్డు మీద తిరిగే బండికి వాటి అవసరం లేదు.

వాల్వు కూడా పోల్చి చూడాలి, పాత ట్యూబు చేత్తో పట్టుకెళ్లడం అన్నిటికంటే సులువు. కాడ లోహానిదా రబ్బరుదా, నేరుగా ఉందా వంగి ఉందా, మందం ఎంత, ట్యూబుకి సరిగ్గా మధ్యలో ఉందా పక్కకి ఉందా అనేవి రిమ్ము కన్నాన్ని బట్టి సరిపోవాలి. కన్నం పెద్దదై కాడ సన్నదైతే వాల్వు ఊగుతూ మొదట్లో తెగుతుంది. ఇంకో చిన్న పని, బయటి నట్టుని పానాతో రిమ్ముకి బిగించేయకండి. దాన్ని పైకి తెచ్చి వాల్వు మూత కిందికి బిగించి వదిలేస్తే, లోపల ట్యూబు జరిగినప్పుడు వాల్వు కాడ పక్కకి వాలి కనిపిస్తుంది. బిగించేసి ఉంటే ఆ హెచ్చరిక రాదు, నేరుగా వాల్వు ఊడి చేతికొస్తుంది.

రిమ్ము లోపల స్పోకుల నిప్పిళ్ల (స్పోకుని రిమ్ముకి బిగించే చిన్న నట్లు) మీద చుట్టే రబ్బరు పట్టీ ఉంటుంది కదా, రిమ్ టేపు, దాన్ని కూడా ఇప్పుడే మార్చండి. ట్యూబుతో పోలిస్తే దాని ఖర్చు లెక్కలోకి రాదు. పాతది ఎండిపోయి నిప్పిళ్ల చోట గుంటలు పడి ఉంటుంది. కొత్తది వేసే ముందు రిమ్ము లోపల తుప్పుని ఇనుప బ్రష్‌తో గీకి, నున్నగా రుద్ది, మళ్లీ తుప్పు పట్టకుండా రంగు పూసి ఆరనివ్వండి. ఏ స్పోకు మొన అయినా నిప్పిల్ తల దాటి బయటికి పొడుచుకొచ్చిందేమో వేలితో తడిమి చూసి ఆకురాయితో అరగదీయించండి. మెకానిక్ తొందరపెడితే మీరే కూర్చుని చేసుకోండి, ఒక్క గంట పని.

ప్రశ్న: మా షాపులో నా సైజుకి ట్యూబ్‌లెస్ టైరే ఉందట. దాంట్లో ట్యూబు పెట్టి స్పోకుల రిమ్ముకి వేస్తామంటున్నారు. అలా వేయొచ్చా? అసలు ట్యూబే లేకుండా నడపలేమా?

జవాబు: టైరు మీద టీఎల్ అంటే ట్యూబ్‌లెస్, టీటీ అంటే ట్యూబు టైరు. టీఎల్ టైరులో సరైన సైజు ట్యూబు పెట్టి ట్యూబు రిమ్ము మీద నడపడం చాలామంది చేసేదే, టైరు కంపెనీ కూడా సరేనంటే భయం లేదు. షాపువాళ్లని ఆ టైరు లోపలి వైపు చేత్తో తడిమి చూడనివ్వమని అడగండి. కొన్నింట్లో సన్నటి గట్లు ఉంటాయి, అవి ట్యూబుని రాస్తూ ఉంటాయి, గట్లున్న టైరు నేనైతే తీసుకోను. లోపల అంటించిన స్టిక్కర్ ఉంటే పీకించి పారేయాలి, దాని అంచు కూడా ట్యూబుని కోస్తుంది. సైజు చివర 18కి ముందు అడ్డగీత బదులు ఆర్ అక్షరం ఉంటే అది రేడియల్, అంటే లోపలి దారాల అమరిక వేరుగా ఉండే రకం, పాత బండి ఆ రకానికి తయారైంది కాదు, దానికి మామూలు ట్యూబు కూడా పనికిరాదు. ముందు ఒక రకం, వెనక ఒక రకం అసలే వద్దు.

ఇక ట్యూబు లేకుండా అంటారా, మీ రిమ్ముతో కుదరదు. ప్రతి నిప్పిల్ దగ్గరా గాలి పోవడానికి దారి ఉంటుంది. లోపల టేపు అంటించో సీలెంట్ పూసో ఆ దారులన్నీ మూసేవాళ్లున్నారు. నా భయం వేరే. ట్యూబ్‌లెస్ కోసం చేసిన రిమ్ములో టైరు అంచు జారి లోపలికి పడకుండా చిన్న గట్టు ఒకటి ఉంటుంది, పాత రిమ్ముల్లో సాధారణంగా అది ఉండదు. గాలి దిగిపోయిన క్షణంలో టైరు అంచుని పట్టి ఉంచేది ఆ గట్టే. అది లేనప్పుడు ఎంత బాగా సీలు చేసినా నాకు నమ్మకం కుదరదు, మీకూ చేయించుకోమని చెప్పలేను. పాత బండికి అల్లాయ్ చక్రాలు ఉన్నంత మాత్రాన అవి ట్యూబ్‌లెస్‌వి అని కూడా అనుకోవద్దు, ట్యూబుతోనే నడిచే అల్లాయ్‌లు బోలెడున్నాయి, చక్రం మీద రాసింది చదవండి.

ప్రశ్న: కొత్త టైరు, కొత్త ట్యూబు వేయించి నెల కాలేదు, నాలుగుసార్లు పంచర్. ప్రతిసారీ ప్యాచ్ వేసి పంపిస్తున్నారు. బండి బయటికి తీయాలంటేనే టెన్షన్‌గా ఉంది. టైరు మంచిది కాదంటారా?

జవాబు: టైరుని తిట్టే ముందు కన్నం ఎక్కడ పడిందో చూద్దాం, అదే అంతా చెబుతుంది. ఈసారి పంచర్ అయినప్పుడు టైరు విప్పకముందే వాల్వు ఉన్న చోటే టైరు పక్కన సుద్దముక్కతో ఒక గీత పెట్టించండి, ట్యూబు ఏ పక్క ఎటు ఉందో కూడా గుర్తుంచుకోండి. ట్యూబుకి గాలి కొట్టి నీళ్ల బకెట్‌లో కొంచెం కొంచెంగా తిప్పితే బుడగలు వచ్చే చోటు తెలుస్తుంది, వాల్వు నుంచి అది ఎంత దూరమో చూసుకుని ట్యూబుని టైరు పక్కన అలాగే పరిస్తే కన్నానికి సరిగ్గా ఎదురుగా ఉన్నదేమిటో బయటపడుతుంది.

కన్నం బయటివైపు, అంటే రోడ్డు వైపు ఉంటే టైరులో ముల్లో గాజుముక్కో ఇంకా దిగబడే ఉంది. మెత్తని గుడ్డతో టైరు లోపల రాస్తూ వెళ్లండి, అది చిక్కుకున్న చోట ఉంటుంది. వేలు మాత్రం గుడ్డ లేకుండా పెట్టకండి. కన్నం లోపలివైపు, రిమ్ము వైపు ఉంటే స్పోకు మొన గానీ చిరిగిన రిమ్ టేపు గానీ. పక్కపక్కనే రెండు చిన్న చీలికలు పాము కాటులా ఉంటే గాలి తక్కువతో గుంతలో పడి ట్యూబు రిమ్ముకీ టైరుకీ మధ్య నలిగింది. వాల్వు మొదట్లో చిరిగితే టైరు రిమ్ము మీద జారుతోంది, దానికీ కారణం గాలి తక్కువే. రిమ్ము అంచుకి దగ్గరగా, ట్యూబు పక్కన చిన్న కోతలా ఉంటే అది మాత్రం టైరు ఎక్కించేటప్పుడు లివర్ (టైరు అంచుని రిమ్ములోకి తోసే ఇనుప పట్టీ) మొన కొరికిన గుర్తు. మీకు నెలలో నాలుగుసార్లు అంటే ఈ చివరిదో స్పోకు మొనో అయ్యుంటుందని నా అనుమానం, కన్నం చోటు చూశాకే గట్టిగా చెప్పగలం.

లివర్ కాటు పడకుండా ఎలా ఎక్కించాలో మీరు పక్కన నిలబడి చూసుకోవచ్చు. ట్యూబుకి గుండ్రం వచ్చేంత, ఊదినట్టు కొంచెం గాలి పెట్టి లోపల పెడితే అది మడత పడదు, లివర్ కిందికి జారదు. పౌడర్ పలచగా చల్లాలి, అంచులకి సబ్బు నీళ్లు రాయాలి. అన్నిటికంటే ముఖ్యం, చివరి జానెడు అంచు ఎక్కించేటప్పుడు దానికి సరిగ్గా ఎదురు వైపు అంచుని మోకాళ్లతో నొక్కి రిమ్ము మధ్య పల్లంలోకి దించాలి. అక్కడ రిమ్ము వ్యాసం తక్కువ, ఆ వదులు ఇటువైపు వస్తుంది, చివరి ముక్క దాదాపు చేతులతోనే లోపలికి పోతుంది. లివర్ మీద ఇద్దరు మనుషులు వేలాడాల్సి వచ్చిందంటే ఎదురు అంచు పల్లంలో లేదని అర్థం. వాల్వు దగ్గర అంచు చివర్లో ఎక్కాలి, ముందే ఎక్కిస్తే వాల్వు మొదట్లో మందంగా ఉన్న ట్యూబు టైరు అంచు కింద ఇరుక్కుంటుంది. నాలుగు ప్యాచ్‌లు పడిన ఈ ట్యూబుని ఇక వదిలేసి ఇంకొకటి కొనండి, కారణం దొరికాకే సుమా.

ప్రశ్న: ముందు టైరుకి పొడవు గీతలు, వెనక టైరుకి బటన్లు ఎందుకు? రెండూ ఒకటే డిజైన్ వేసుకోకూడదా?

జవాబు: ముందు చక్రం పని దారి చూపించడం, పక్కకి జారకుండా ఉండడం. చుట్టూ తిరిగే గీతల అంచులు ఆ పక్క జారుడుని పట్టుకుంటాయి. వెనక చక్రం ఇంజిన్ బలాన్ని రోడ్డుకి అందించాలి, దానికి అడ్డంగా పట్టుకునే బటన్లు కావాలి. రెండు చోట్లా పనికొచ్చేలా చేసిన డిజైన్లూ పాత కాలం నుంచే ఉన్నాయి. డన్‌లప్ కే81 అలాంటిదే. 1969లో మాల్కమ్ అప్‌హిల్ అనే రేసర్ ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో జరిగే టీటీ (ఇక్కడ టూరిస్ట్ ట్రోఫీ) బైకు పందెంలో ట్రయంఫ్ బోనవిల్ మీద సగటున గంటకి 100 మైళ్లు దాటి ఒక చుట్టు పూర్తి చేసినప్పుడు ఆ బండికి ఉన్నవి ఆ టైర్లే. తర్వాత దానికి టీటీ100 అనే పేరు స్థిరపడింది. కాబట్టి కంపెనీ రెండు చక్రాలకీ పనికొస్తుందని చెప్పిన టైరైతే రెండు వైపులా వేసుకోండి. ఒక్క జాగ్రత్త, అలాంటి టైరు పక్కన ముందు చక్రానికి ఒకటి, వెనక చక్రానికి ఒకటి రెండు బాణాలు ఉండొచ్చు, అవి ఎదురుబొదురు దిక్కులు చూపిస్తాయి. తప్పు బాణం చూసి బిగించిన చక్రాలు నేను చాలా చూశాను.

ప్రశ్న: సార్, నేను రోజూ ఉద్యోగానికి పాత బండి మీదే వెళ్తాను. నిన్ననే ముందు టైరు మార్పించాను. మలుపుల్లో జారుతుందేమో అన్నట్టుంది, కొంచెం వేగం పెంచితే హ్యాండిల్ సన్నగా ఊగుతోంది. ఇంతకుముందు ఈ బాధ లేదు. టైరు వాపసు ఇచ్చేయనా?

జవాబు: అమ్మా, అప్పుడే వాపసు ఇవ్వకండి, ఇవి రెండు వేరు వేరు విషయాలు. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది, మొదటి 150 కిలోమీటర్ల దాకా అది గరుకెక్కదు. అన్ని రోజులూ నెమ్మదిగా నడపండి, బ్రేకు సుతారంగా నొక్కండి, వానలో మరీ జాగ్రత్త, మెరుపు కోసం టైరు మీద ఏ పాలిషూ పూయనివ్వకండి. జారుతున్నట్టున్న భావం దాంతో పోతుంది.

ఊపు మాత్రం దానంతట అది పోయేది కాదు. టైరు పక్కన, రిమ్ము అంచుని ఆనుకుని చుట్టూ ఒక సన్నటి గీత పోత పోసి ఉంటుంది. బండిని మెయిన్ స్టాండ్ వేసి ముందు చక్రం నేలకి ఆనకుండా లేపించి, నెమ్మదిగా తిప్పుతూ ఆ గీతకీ రిమ్ముకీ మధ్య దూరం చూడండి, రెండు పక్కలా. చుట్టూ సమంగా ఉండాలి. ఒకచోట గీత రిమ్ము లోపలికి మునిగిపోయి కనిపిస్తే టైరు అక్కడ సరిగ్గా కూర్చోలేదు, మీ ఊపు చాలావరకు అక్కడిదే. గాలి తీసేసి, ఆ చోట సబ్బు నీళ్లు బాగా పట్టించి, టైరు మీద రాసిన గరిష్ఠ గాలి దాటకుండా మళ్లీ నింపితే టప్‌మని శబ్దం చేసి కూర్చుంటుంది. ఆ తర్వాత బండి పుస్తకంలో ఉన్నంతకి గాలి తగ్గించుకోండి, బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి, నడిచి వచ్చిన వేడిలో గాలి ఎక్కువ చూపిస్తుంది.

గీత సమంగానే ఉంటే టైరు పక్కన రంగు చుక్క ఉందేమో చూడండి, అది టైరులో తేలిక భాగం, వాల్వు పక్కనే రావాలి. అదీ సరిగ్గా ఉండి, చక్రం తిప్పినప్పుడు రిమ్మే అటూ ఇటూ నాట్యం చేస్తుంటే స్పోకులు సరిచేయించాలి, టైరు తప్పేమీ లేదు. ఇవన్నీ చూసుకున్నాక కూడా ఊగుతుంటే ఎంత వేగం దగ్గర మొదలవుతుంది, వెనక ఎవరైనా కూర్చుంటే పెరుగుతుందా తగ్గుతుందా అన్నది గమనించి, రెండు టైర్ల మీదున్న సైజు, తేదీ అంకెలతో సహా మళ్లీ రాయండి. వచ్చే సంచికలో మీ ఉత్తరంతోనే మొదలుపెడతాను.